పొద్దు కట్ట మీద పుట్టే వైపు

మా అన్న చెయ్యి విరిగింది వర్తూరు పేరు ఎత్తినందుకు.

అన్నకు అప్పుడే ఒక కొరియర్ ఆఫీసులో ఉద్యోగం దొరికింది. మొదటిరోజు సాయంత్రం ఇంటికొచ్చి, తనకు వర్తూరు లైను ఇచ్చారని అమ్మతో చెబుతున్నాడు. నాన్న స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏ ఊరంటివి?"

అన్న మళ్ళీ చెప్పాడు. నాన్న తువ్వాలు కుర్చీ మీద వేసి, తలుపు మూల నిలబెట్టిన ఇనప కమ్మీ ముక్క అందుకున్నాడు. ఆయన సెంట్రింగు మేస్త్రీ. మా ఇంట్లో కమ్మీలకు కొదవ లేదు. అన్న తలకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఎముక విరిగిన శబ్దం చాలా చిన్నది. టిఫిను డబ్బా మూత కిందపడినంత కూడా లేదు. అందుకే మాకు వెంటనే అర్థం కాలేదు. రెండో దెబ్బకు అమ్మ అడ్డం వెళ్ళింది. అది ఆమె వీపు మీద పడింది. తర్వాత నాన్నే కమ్మీ పారేసి, అన్నను ఆటో ఎక్కించుకుని ఆస్పత్రికి తీసుకుపోయాడు. దారి పొడవునా తిడుతూనే ఉన్నాడట. కట్టు విప్పాక మణికట్టు వంకరగానే మిగిలింది. ఆ ఏడే అన్న ఇల్లు వదిలి, ఊరి ఇంకో చివర అద్దెకు దిగాడు.

మాకు చిన్నప్పటినుంచీ తెలిసిన కథ ఇది. మా తాతకు వర్తూరు చెరువు దగ్గర పొలం ఉండేది. కట్ట కింది వాళ్ళు మా నీళ్ళు కట్టేసుకున్నారు. అడగడానికి పోతే తాతను పట్టపగలు కట్ట మీదే కొట్టి చంపారు. శవం కూడా ఇవ్వలేదు. అవ్వ ఇద్దరు పిల్లల్ని తీసుకుని కట్టుబట్టలతో పట్నంలో మడివాళ చేరింది. ఇళ్ళు కట్టేచోట ఇటుకలు మోసి వాళ్ళను పెంచింది.

నాన్న ఈ కథ తాగి చెప్పేవాడు కాదు. అన్నం తింటూ మామూలుగా చెప్పేవాడు. చెబుతూ చెబుతూ ఆగి, ఎవరినో ఒకరిని కొట్టేవాడు. మెతుకులు కింద పోశానని నన్ను, బదులు చెప్పిందని అమ్మను. పనిలో కూలీలనూ కొట్టేవాడు. ఒకసారి ఒక కూలీ తిరగబడి కొడితే నాన్న ముందుపన్ను ఊడింది. నోటినిండా రక్తంతో ఇంటికొచ్చి, "మా నాయిన్ను చంపినట్టే నన్నూ చంపాలని చూస్తాండారు" అన్నాడు. ఆయనకు తగిలిన ప్రతి దెబ్బా, ఆయన వేసిన ప్రతి దెబ్బా ఆ కట్ట మీదనుంచే వచ్చేది. నాకు ఆ కథంటే భయం. కానీ నలభై దాటేవరకూ అది నిజమేనా అని అడగాలని తోచలేదు.

తోచింది ఒక వానాకాలంలో. నేను హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక అపార్టుమెంటులో ఉంటాను. ఆ ఏడు వానకు మా సెల్లార్ నిండింది. కార్లు అద్దాల దాకా మునిగాయి. మా వాళ్ళు మోటారు పెట్టి నీళ్ళు రోడ్డు మీదకు తోడుతుంటే, అవి ఎదురు అపార్టుమెంటు గేటులోకి పోయాయి. వాళ్ళు ఇసుక మూటలు అడ్డం వేశారు. నీళ్ళు మళ్ళీ మా వైపు తిరిగాయి. మాటా మాటా పెరిగింది. నాకు రోజూ లిఫ్టులో గుడ్ మార్నింగ్ చెప్పే మెత్తటి మనిషి ఒకాయన, చేతిలో ఉన్న వైపరు కర్రతో ఎదుటాయన మొహం మీద అడ్డంగా కొట్టాడు. ఆ దెబ్బ తిన్నాయన ఈయన జుట్టు పట్టుకుని మోరీ నీళ్ళలో ముంచి, పైకి లేవకుండా మోకాలితో వీపు మీద అదిమాడు. నలుగురు లాగితే గాని వదల్లేదు. పైకి వచ్చిన ఆయన మొహం చూస్తే నాకు మా నాన్నే కనిపించాడు.

ఆ తర్వాత కూర్చుని ఫోనులో మ్యాపు తెరిచి, ఆ నీళ్ళు ఎక్కడికి పోవాలని చూస్తున్నాయో వెతికాను. మా గేటు ముందు పారిన నీళ్ళు అగర చెరువుకు, అక్కణ్ణుంచి బెళ్ళందూరు చెరువుకు, చివరికి వర్తూరు చెరువుకు పోతాయి. నేల వాలు అటే. నీళ్ళు ఎటు పారతాయో తెలిస్తే ఎవరు ఎవరి నీళ్ళు కట్టేయగలరో కూడా తెలుస్తుంది కదా అనిపించింది. ఇన్నేళ్ళూ మేము తాతను ఎవరు చంపారని మాట్లాడుకున్నాం. మా పొలం ఎక్కడుందని ఒక్కరం కూడా అడగలేదు.

అడగడానికి మిగిలింది మా మేనత్త ఒక్కతే. నాన్న కంటే పెద్దది. మడివాళ మార్కెట్ వెనక చిన్న గదిలో ఉంటుంది. పై అంతస్తుల్లో పీజీ హాస్టలు అమ్మాయిలు. తాత చావు గురించి ఎప్పుడు అడిగినా "సుమ్మనె ఉండు పాపా, పోయినోళ్ళ సంగతి నీకెందుకు?" అని నోరు మూయించేది. అందుకని ఈసారి చావు ఊసెత్తలేదు.

"అత్తా, మన చేను ఎట్లుండె?"

ఆమె చిక్కుడుకాయలు ఒలవడం ఆపింది. మొహం తేటపడింది.

"నల్ల మన్ను పాపా. కాలు పెడితే దిగబడేది. ఎండాకాలం ఇంతింత నెర్రెలు. రాగులు ఏసేవాడు మీ తాత."

"నీళ్ళు ఎక్కణ్ణించి కట్టేవాళ్ళు?"

"నీళ్ళు కట్టేదెందుకు? ఆ మన్నులోనే తేమ ఉండాది కదా. ఊరికే పండేది."

"పొద్దు ఎటునించి పుట్టేది?"

"కట్ట మీదనించి. పొద్దు కట్టెక్కె, ఇంకా పండుకోనుండావా అని మాయమ్మ లేపేది. కట్ట మీద ఎద్దులబండ్లు పోతాంటే నల్లగా కనిపించేవి, బొమ్మల మాదిరి."

"ఆ కడపటి ఏడు కూడా రాగులేనా?"

"రాగులే. కోతకొచ్చిండె. వాన పట్టుకుని ఇడవలేదు. చెరువు చేన్లోకి వస్తా ఉండె, వస్తా ఉండె... కోడి కోసిన దినం కదా అది." అంతటితో ఆపేసి, మళ్ళీ చిక్కుడుకాయల మీదకు వంగింది.

ఆ మాట నాకు కొత్త కాదు. కోడి కోసిన దినమే మీ తాత పోయినాడని అవ్వ కూడా అనేదట. అందుకే మా ఇంట్లో మటన్ వండుతారు, చేపలు వండుతారు, కోడి మాత్రం వండరు. ఆ రోజు ఇంట్లో ఏదో పండగ అనీ, కూర పొయ్యి మీద ఉండగానే తాత చావు కబురు వచ్చిందనీ నేనూ అన్నా ఊహించుకుని పెరిగాం.

తర్వాతి ఆదివారం పొద్దున్నే, ఎవరికీ చెప్పకుండా వర్తూరు పోయాను. కట్ట మీద ఇప్పుడు రోడ్డు. చెరువు వైపు తిరిగి నిలబడితే సూర్యుడు నా వీపు మీద ఉన్నాడు. అంటే చెరువుకు తూర్పున కట్ట. కట్టకు ఇంకా తూర్పున, కింద, ఒకప్పుడు చెరువు నీళ్ళతో పండిన పొలాలు. ఆ పొలాల్లో నిలబడితే కట్ట మీద పొద్దు కుంకుతుంది. పొద్దు కట్ట మీద పుట్టాలంటే మనిషి పడమట ఉండాలి, చెరువు కడుపులో ఉండాలి. మా చేను చెరువు ఒడ్డునే, నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు బయటపడే మెత్తటి నేలలో ఉండేది. తూము గుండా పోయే నీళ్ళు కిందికి పోతాయి గాని మా చేను వైపు ఎక్కవు. కట్ట కింది వాళ్ళు మా నీళ్ళు ఎన్నటికీ కట్టేయలేరు. మా తాతకు కావలసింది నీళ్ళు రావడం కాదు, పోవడం.

రోడ్డు వెంబడి ఉత్తరం వైపు నడిచాను. ఒక బస్సు ఆగింది. కండక్టర్ "వర్తూర్ కోడి, కోడి" అని అరిచాడు. ఆ స్టాపు పేరు వెయ్యిసార్లు విన్నాను. ఊరి పేరులో ఒక ముక్క అనుకున్నానే గాని, అర్థం ఆలోచించలేదు. అక్కడ, నిండిన చెరువు రాళ్ళ మీదనుంచి పొర్లి కాలువలో పడుతోంది. కన్నడంలో కోడి అంటే అదే, చెరువు అలుగు. మన రాయలసీమ వైపు మరవ అంటారు. అవ్వ చెప్పిన కోడి పిట్ట కాదు. తాత కోసింది కోడి దగ్గర కట్టను.

కంచె పట్టుకుని కిందికి చూశాను.

కోడి కింద ఇప్పుడు అపార్టుమెంట్లు. వాటి మధ్య ఒక కొబ్బరితోట మిగిలి ఉంది. అక్కడి అంగడిలో ఈ నేల పాతకాలం ఎవరిదని అడిగితే తోటలోని ఇల్లు చూపించారు. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. నాన్న కంటే ఐదారేళ్ళు పెద్దవాడేమో. మాట్లాడితే మా అత్త మాటే, మా తెలుగే. ఎవరి తాలూకు అని అడిగాడు.

"అయ్యా, అప్పట్లో ఈ కోడి కోసినాయన మనవరాలిని."

ఆయన లేచాడు. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. ఆయన పోయి గేటు మూసి వచ్చి కూర్చున్నాడు.

"ఏమని చెప్పినారు మీకు?"

చెప్పాను. నీళ్ళు కట్టేశారనీ, అడిగితే చంపారనీ. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు.

"ఆ దినం మీ తాత గడ్డపార తీసుకుని వచ్చినాడు. ఇంకో ఇద్దరుండారు జతలో. కోడి పక్కన మన్ను కట్ట. అది కోస్తే చెరువు దిగుతాది, రాగిచేను బతుకుతాది. మూరెడు దిగితే చాలనుకున్నాడేమో. నీళ్ళు మూరెడుతో నిలుస్తాయా అప్పా? కింద మడి గట్టున మా గుడిసె. మాయమ్మ వానకు తడవకుండా బిడ్డనేసుకుని లోపల కూర్చోనుండె. గుడిసె గుడిసే పోయింది. మొగలి పొదలో తట్టుకోనుండె మాయమ్మ. బిడ్డ నడుముకు కట్టినట్టే ఉండె. బిడ్డ నోట్లో బురద. నేను వేలు పెట్టి తీస్తానే ఉండా, వస్తానే ఉండాది."

లోపలినుంచి ఎవరో స్త్రీ తొంగి చూసి వెళ్ళిపోయింది.

"మా నాయినా, చిన్నాయనలూ కట్టెక్కినారు. నేనూ ఎనకాలే పోయినా. నాకు మీసం కూడా రాలేదు అప్పటికి. మీ తాత జత వచ్చినోళ్ళు పారిపోయినారు. ఆయన పోలేదు. గండిలో దిగి, రొమ్ములోతు నీళ్ళలో నిలబడి రాళ్ళు వేస్తా ఉండాడు. తాను కోసింది తానే పూడ్చాలని. అది పూడుతుందా? జుట్టు పట్టి పైకి ఈడ్చినారు. ఆయన గడ్డపారతోనే కొట్టినారు. ముందు మోకాళ్ళు. మళ్ళ చేతులు. అరుస్తా ఉండె, కొడతా ఉండిరి. నేనూ ఒక రాయి వేసినా. ఇక్కడ తగిలింది." ఎడమ చెవికి కొంచెం పైన వేలు పెట్టి చూపించాడు. "అప్పటికి పానం ఉండాది. నా పక్క చూసినాడు."

"శవం ఏమైంది అయ్యా?"

"గండి పూడ్చాల కదా. రాళ్ళు, కంప, మన్ను, దొరికిందంతా వేసినారు. ఆయన్నీ వేసినారు." చెయ్యెత్తి రోడ్డు వైపు చూపించాడు. "అదో, ఆ బస్సు నిలబడుండాది చూడు. ఆడనే."

ఆ బస్సు కదిలిపోయేదాకా చూశాను. అప్పుడు అడిగాను. "తప్పు చేసినామని ఎప్పుడూ అనిపించలేదా?"

"మాయమ్మను తలుచుకుంటే అనిపించదు. ఆయన చూపు తలుచుకుంటే అనిపిస్తాది. ఏమి చేసేది?"

తిరిగి వచ్చేటప్పుడు ఆ స్టాపులో నిలబడలేకపోయాను. తర్వాతి స్టాపు దాకా నడిచి బస్సెక్కాను. బస్సులోనుంచే అన్నకు ఫోను చేసి మొత్తం చెప్పాను. అవతల బైకుల హోరు వినిపిస్తోంది.

"అయితే నా చెయ్యి దేనికి ఇరిగింది?" అన్నాడు. ఫోను పెట్టేశాడు.

నాన్నకు చెప్పొద్దని అమ్మ నా చేతులు పట్టుకుంది. నేను చెప్పాను. పొద్దు ఎటు పుడుతుందో అక్కణ్ణుంచి మొదలుపెట్టి, గండిలో ఏం పూడ్చారో అక్కడిదాకా చెప్పాను. నాన్న కదలకుండా విన్నాడు. నేను ఆపగానే చెంప మీద కొట్టాడు. నా పెళ్ళయ్యాక ఆయన నన్ను కొట్టడం అదే మొదటిసారి. చెవి గుయ్యిమంది. ముక్కులోనుంచి వెచ్చగా కారింది.

"ఆ రాయి వేసినోడు బతికుండాడా?"

"ఉండాడు."

"పద."

నేను తీసుకుపోకపోతే ఆయన ఒక్కడే పోతాడు. అందుకని కారు తీశాను. నాన్న పక్క సీట్లోకి ఎక్కాడు. ఒడిలో పిడికిళ్ళు బిగించి కూర్చున్నాడు. వర్తూరు కట్ట ఎక్కినప్పుడు కిటికీ వైపు కూడా చూడలేదు.

ముసలాయన అదే కుర్చీలో ఉన్నాడు. నాన్నను చూసి, "నువ్వేనా ఆయన కొడుకువి?" అన్నాడు. నాన్న రెండు చేతులతో ఆయన గొంతు పట్టుకున్నాడు. కుర్చీ విరిగి ఇద్దరూ నేల మీద పడ్డారు. ముసలాయన నాన్న చెయ్యి కొరికాడు, చర్మం లేచి వచ్చేట్టు కొరికాడు. నాన్న ఆయన తలను నీళ్ళ సంపు మూతకేసి కొట్టాడు, ఒకసారి, ఇంకోసారి. ఇద్దరికీ ఊపిరి అందడం లేదు. ఊపిరి అందకపోయినా వదలడం లేదు. లోపలినుంచి ముసలాయన కొడుకు పరుగెత్తుకొచ్చాడు. నాన్నను చొక్కా పట్టి లేపి నోటి మీద గుద్దాడు. పెదవి చీలి రక్తం గడ్డం మీదుగా కారింది. రెండో గుద్దుకు అతను చెయ్యెత్తాడు. నా చేతిలో స్టీలు నీళ్ళ సీసా ఉంది. బలంకొద్దీ అతని తల మీద కొట్టాను. అతను మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఇంకోసారి ఎత్తాను. అప్పుడు కనిపించింది, దెబ్బ ఎక్కడ తగిలిందో. ఎడమ చెవికి కొంచెం పైన.

సీసా నా చేతిలోనుంచి జారిపోయింది. పక్క అపార్టుమెంటు సెక్యూరిటీ వాళ్ళు వచ్చి అందర్నీ విడదీశారు.

స్టేషనులో కానిస్టేబులు మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి, ఏం గలాటా అని అడిగాడు.

"నీళ్ళ గలాటా" అన్నాడు ముసలాయన.

"ట్యాంకరా, బోరా?"

"చెరువు" అన్నాడు నాన్న, తువ్వాలు నోటికి అదుముకుని.

"చెరువు సర్కారుది. దానికి ఈ వయసులో మీరెందుకు కొట్టుకునేది?"

ఫిర్యాదు ఇస్తారా అంటే ముసలాయన వద్దన్నాడు. నాన్నా వద్దన్నాడు. కొడుకు ఏదో అనబోతే ముసలాయన చెయ్యెత్తి ఆపాడు. పక్కనే ఉన్న క్లినిక్‌లో నాన్న పెదవికి, ముసలాయన తలకు, ఆయన కొడుకు తలకు కుట్లు వేశారు. కట్టు కట్టించుకుని ఇద్దరు ముసలివాళ్ళూ ఒకే బెంచీ మీద, మధ్యలో ఇద్దరు పట్టేంత జాగా వదిలి కూర్చున్నారు. నాన్న నేల చూస్తూ అడిగాడు.

"ఆ బిడ్డ... ఆడబిడ్డా, మొగబిడ్డా?"

"ఆడబిడ్డ."

నాన్న తల ఊపాడు. ఆ ముసలాయన్ను నేను మళ్ళీ చూడలేదు.

నాన్న మంచివాడైపోయాడని చెప్పలేను. మొన్న కూడా ఇంటిముందు బండి పెట్టాడని ఒక కుర్రాణ్ణి చెంప మీద కొట్టి, తాను కూడా దెబ్బలు తిన్నాడు. అన్నతో ఈనాటికీ మాటల్లేవు. కానీ తాత కథ మాత్రం మా ఇంట్లో మళ్ళీ వినిపించలేదు. అమ్మ ఒకటి రెండు సార్లు ఆ ఊసెత్తబోతే, ఆయన లేచి బయటికి వెళ్ళిపోయాడు.

తర్వాత అత్తకు కూడా పోయి చెప్పాను. అంతా విన్నాక ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చేతులు చీర కుచ్చిళ్ళకు తుడుచుకుంటూ, "గడ్డపార నేనే తెచ్చిస్తి" అంది.

"ఏంటత్తా?"

"నాయిన చేన్లోనే నిలబడుకోని, ఇంట్లోనించి గడ్డపార తే పాపా అనె. బరువుగా ఉండె. ఎత్తలేక ఈడ్చుకుంటా పోతి. దేనికని అడగలే. తెచ్చిస్తే, మంచిది పో, తడవద్దు అనె." చేతులు ఇంకా తుడుచుకుంటూనే ఉంది. "మాయమ్మకు తెలుసు. చచ్చేదాకా నన్నొక మాట అనలే. మీ నాయినకు మాత్రం తెలీదు. అందుకే నేను నోరు తెరవలే."

చేను ఉన్న చోటు ఒకసారి చూస్తానంది. ఆమె నడవలేదు. కారులో ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకుపోయాను. కట్ట మీద ట్రాఫిక్ నత్తనడక నడుస్తోంది. కోడి దాటుతుండగా పక్కకు తీసి ఆపాను. ఆమె అద్దం దించమంది. పడమటి వైపు, నీళ్ళకు అవతల కంచె, కంచె వెనక కొత్త భవనాలు. ఆమె చెయ్యి బయట పెట్టి, కుడికి, ఎడమకు, మళ్ళీ కుడికి వెతికింది. "చింత చెట్టు ఉండాల్నే ఆడ..." అంటోంది. వెనక బస్సు హారను మోగుతోంది. బైకు మీద ఒకడు పోతూ పోతూ మా కారు టాపు మీద అరచేత్తో దబ్బున కొట్టి, కన్నడంలో బూతు తిట్టాడు. అత్త ఉలిక్కిపడి చెయ్యి లోపలికి తీసుకుంది.

"పద పాపా" అంది. "కొడతారు."